పట్టికలో ఒక్క పేరేనా?

ఇటీవలి సంవత్సరాలలో మా వద్దకు వచ్చే ప్రశ్నల స్వరూపం మారింది. మేము మదరసాలో బోధన ప్రారంభించిన తొలి రోజులలో తండ్రులో, భర్తలో వచ్చి, తమ ఇంటి ఆడపడుచులు ఉద్యోగం చేయడం ధర్మసమ్మతమేనా అని అడిగేవారు. నేడు స్త్రీలే అడుగుతున్నారు. మా శ్రీమతి ఆదివారం నాడు నిర్వహించే ఖుర్ఆన్ తరగతికి వచ్చే తల్లులు చీటీలపై వ్రాసి మాకు పంపుతుంటారు. వారిలో ఉపాధ్యాయినులున్నారు, నర్సులున్నారు, ఇంటివద్దనే కుట్టుమిషనుతో సంసారాన్ని ఆదుకుంటున్నవారూ ఉన్నారు. వారి ప్రశ్న "చేయవచ్చునా?" అన్నది కాదు. "ఉద్యోగం, పిల్లలు, ఇల్లు, నమాజ్, చదువు - ఇన్నింటినీ ఒక్క మనిషి ఎలా నెట్టుకురావాలి?" అన్నది.

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడం ఇప్పుడొక వృత్తిగా మారింది. తల్లులకు కెరీర్ కోచింగ్ పేరిట రుసుము తీసుకుని, ఫోనులోనే పాఠాలు చెప్పి, దినచర్య తయారుచేసి ఇచ్చేవారు వచ్చారు. ఒక సోదరి అటువంటి శిక్షణ పొంది, తనకిచ్చిన పట్టికను మా శ్రీమతి ద్వారా మాకు పంపింది. ఆమె ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయిని, ఇద్దరు బిడ్డల తల్లి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవడంతో మొదలై, రాత్రి పదిన్నరకు "నా కోసం పదిహేను నిమిషాలు" అన్న వరుసతో ఆ పట్టిక ముగిసింది. అందులోని సలహాలు చెడ్డవని మేము అనము. కూరగాయలు రాత్రే తరిగి ఉంచుకోవాలని, పాఠశాల పనిని ఇంటికి మోసుకురాకూడదని, అన్ని పనులూ అచ్చు తప్పకుండా జరగాలన్న పట్టుదల విడవాలని వ్రాశారు. అన్నీ ఉపయోగకరమైన మాటలే. అయితే పట్టిక మొత్తంలో ఒక్కరి పేరే ఉంది. ఆ ఇంట్లో భర్త ఉన్నాడు, ఓపిక ఉన్న అత్తగారు ఉన్నారు, డిగ్రీ చదువుతున్న మరిది ఉన్నాడు. వారిలో ఎవరికీ ఒక్క వరుసైనా లేదు.

మేము ఈ వ్యాసంలో చెప్పదలచినది ఇదొక్కటే. తల్లి సమతుల్యం తల్లి ఒక్కతే సాధించవలసిన విద్య కాదు. అది ఇంటిల్లిపాదీ కలిసి కుదుర్చుకోవలసిన ఒప్పందం.

ముందుగా షరీఅత్ ఏర్పాటును చూద్దాం. కుటుంబ పోషణ భారాన్ని అల్లాహ్ పురుషునిపై మోపాడు. భార్య సంపాదించినంత మాత్రాన ఆ భారం అతని భుజాల మీది నుండి దిగిపోదు. సూరా నిసాలో పురుషుల సంపాదనలో వారి భాగం వారిదని, స్త్రీల సంపాదనలో వారి భాగం వారిదని స్పష్టమైంది. కనుక భార్య జీతం భార్యదే. ఆమె ఇష్టపడి ఇంటికి ఖర్చు చేస్తే అది ఆమె ఔదార్యం. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) గారి సతీమణి జైనబ్ (రజి) తన భర్తకు, తన పోషణలోని అనాథలకు ఖర్చు చేయవచ్చునా అని విచారించినప్పుడు, అందులో ఆమెకు రెండింతల పుణ్యముందని, ఒకటి బంధుత్వానికి, మరొకటి దానానికి అని దైవప్రవక్త (స) తెలియజేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ ఉదంతం ఉంది. భర్త ఆమె నుండి పొందినది సదఖాగా లెక్కకు వచ్చిందన్న విషయాన్ని, జీతం పడిన రోజే భార్య ఏటీఎం కార్డు అడిగి తీసుకునే సోదరులు ఆలోచించాలి.

ఇక పిల్లల సంగతి. సూరా బఖరా 233వ ఆయత్‌ను మేము ఏటా విద్యార్థులకు బోధిస్తాము. తల్లులు పూర్తిగా రెండేళ్లు పాలివ్వడం, ఆ కాలంలో తల్లి అన్నవస్త్రాల బాధ్యత తండ్రిది కావడం, బిడ్డ కారణంగా తల్లినిగాని తండ్రినిగాని కష్టపెట్టరాదనడం అందులో ఉన్నాయి. ముందుగానే పాలు మాన్పించదలిస్తే, తల్లిదండ్రులిద్దరూ పరస్పర అంగీకారంతో, సంప్రదింపుతో నిర్ణయించుకోవాలని కూడా ఉంది. చంటిబిడ్డ పాల విషయంలోనే ఇద్దరి సంప్రదింపు అవసరమైతే, ఆ బిడ్డను బడికి దిగబెట్టేదెవరు, జ్వరం వచ్చిననాడు సెలవు పెట్టేదెవరు అన్న విషయాలు తల్లి ఒక్కతే తేల్చుకోవాలనడం ఎలా న్యాయమవుతుంది?

హజ్రత్ అబూబకర్ (రజి) గారి కుమార్తె అస్మా (రజి) వృత్తాంతం ఈ సందర్భంలో తప్పక స్మరించదగినది. ఆమె జుబైర్ (రజి) గారిని వివాహమాడినప్పుడు ఆ ఇంట ఒక గుర్రం, నీళ్లు మోసే ఒంటె తప్ప చెప్పుకోదగ్గ ఆస్తి లేదు. గుర్రానికి మేత వేయడం, నీళ్లు తోడి తేవడం, తోలు బొక్కెనకు కుట్లు వేయడం, పిండి కలపడం ఆమె పనులు. మూడు కిలోమీటర్లకు పైబడిన దూరం నుండి ఖర్జూరపు గింజలను తలపై మోసుకు వచ్చేది. దీనిని చదివి "చూడండి, ఆనాటి స్త్రీలు ఎంత కష్టించారో!" అని చెప్పి ఊరుకునే ఉపన్యాసాలు మేము ఎన్నో విన్నాము. కాని అదే హదీసులో మిగతా మాటలూ ఉన్నాయి. ఆమెకు రొట్టెలు కాల్చడం అంతగా రాదు. ఇరుగుపొరుగు అన్సారీ స్త్రీలు కాల్చి ఇచ్చేవారు. ఆమె గింజలు మోయడం చూసి ప్రవక్త (స) దారిలో తమ ఒంటెను కూర్చోబెట్టి ఎక్కించుకోబోయారు. ఆమె సిగ్గుపడి ఎక్కలేదు. సంగతి విన్న భర్త, ఆ బరువు మోయడమే తనకు ఎక్కువ బాధ కలిగిస్తున్నదన్నారు. చివరకు తండ్రి గుర్రాన్ని చూసుకునేందుకు ఒక సేవకురాలిని పంపారు. అప్పుడు తనకు బానిసత్వం నుండి విముక్తి లభించినట్లయిందని ఆమె స్వయంగా చెప్పుకున్నారు. పొరుగువారు, భర్త, తండ్రి, సాక్షాత్తు దైవప్రవక్త (స), ఇందరు ఆమె బరువును గమనించారు. మన ఇళ్లలో ఆ గమనింపే కొరవడింది.

ఆ సోదరి సమ్మతితో మేము ఆమె భర్తను ఒకనాడు ఇషా నమాజ్ తర్వాత మసీదులో కూర్చోబెట్టుకున్నాము. అతను మర్యాదస్తుడే. "హజ్రత్, నేను ఏనాడూ ఆమెను ఉద్యోగం మానమనలేదు కదా!" అన్నాడు. "వద్దనకపోవడం వేరు, చేయి అందించడం వేరు నాయనా" అన్నాము. దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి సేవలో ఉండేవారని, నమాజ్ వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన విషయం గుర్తుచేశాము. అతను కొంతసేపు మౌనంగా ఉండి, పిల్లల స్నానం, బడికి దిగబెట్టడం తన వంతన్నాడు.

అత్తగారి మాట అంత సులభంగా తేలలేదు. "మేము ఇన్నేళ్లు చేయలేదా? మమ్మల్నెవరు అడిగారు?" అని ఆమె మా శ్రీమతితో అన్నారట. ఆ మాటలో కోపం కన్నా అలసట ఎక్కువని మా శ్రీమతి గ్రహించింది. నానమ్మను జీతం లేని ఆయాగా మార్చడం కూడా అన్యాయమే. కనుక ఆమెకు సాయంత్రం ఒక గంట పిల్లలను చూసే వంతు మాత్రమే పెట్టి, రాత్రి గిన్నెలు, మార్కెట్టు పని మరిదికి అప్పగించారు. ఆ సోదరి కూడా ఒకటి వదులుకుంది. బడి ఉద్యోగం ఉంచుకుని, సాయంత్రపు ట్యూషన్లు మానుకుంది. ఆదాయం కొంత తగ్గింది. ఆ లోటును తానే పూడుస్తానని భర్త ఒప్పుకున్నాడు. పోషణ అతని బాధ్యతే కనుక అది సబబు. అన్నీ సర్దుకున్నాయని చెప్పలేము. మరిది పరీక్షల రోజుల్లో గిన్నెలు మళ్లీ ఆమె వంతుకే వస్తున్నాయి.

తల్లి మనస్సంతృప్తి గురించి కూడా ఒక మాట. "నా కోసం" అన్న మాట వినగానే స్వార్థమని కొందరు ముఖం చిట్లిస్తారు. పురుషులే తమ చుట్టూ మూగుతున్నారని, తమకు ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించమని మదీనా స్త్రీలు దైవప్రవక్త (స)ను కోరారు. వారాయన సమయాన్ని హక్కుగా అడిగారు. ఆయన వారిని మందలించలేదు. ఒక రోజు నిర్ణయించి బోధించారు. కనుక తల్లికి ఖుర్ఆన్ నేర్చుకోవడానికో, ఆగిపోయిన డిగ్రీ పూర్తిచేయడానికో ఇల్లు సమయం కేటాయించాలి. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్య ద్వారా ఇటువంటివారికే తలుపులు తెరిచి ఉంచాయి. ఆ సమయం రాత్రి పదిన్నర తర్వాత మిగిలిన పదిహేను నిమిషాలు కాకూడదు.

చట్టం ఇచ్చిన హక్కులనూ తెలుసుకోవాలి. 2017 నాటి ప్రసూతి ప్రయోజన చట్ట సవరణతో, చట్టం వర్తించే సంస్థలలో అర్హురాలైన ఉద్యోగినికి మొదటి ఇద్దరు బిడ్డల కాన్పులకు 26 వారాల వేతన సెలవు లభించింది. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లవచ్చునని కూడా ఏర్పడింది. అడగడానికి సంకోచించి ఈ సౌకర్యాలను వదులుకునే సోదరీమణులు మాకు తెలుసు. అడగడంలో అగౌరవం లేదు.

ఇంటిపట్టునే ఉండి పిల్లలను పెంచడమే తన సంతృప్తి అనుకునే తల్లిని తక్కువ చేయకండి. భర్తను కోల్పోయి, గత్యంతరం లేక పనికి వెళ్లే తల్లి వేళకు ఇంట్లో లేదని వేలెత్తి చూపకండి. మొదటి తల్లికి విశ్రాంతి హక్కు ఉంది. రెండవ తల్లికి బంధువుల, మహల్లా వారి అండ హక్కుగా ఉంది.

పాఠక సోదరులారా! ఈ నెలలో ఒక సాయంత్రం మగ్రిబ్ తర్వాత ఇంటివారంతా కూర్చోండి. తెల్లవారి నుండి రాత్రి దాకా ఇంట్లో జరిగే పనులన్నీ ఒక కాగితంపై వ్రాయండి. పిల్లలను కూడా కూర్చోబెట్టండి. పదేళ్ల అబ్బాయికి తన పళ్లెం తాను కడుక్కునే వయస్సు వచ్చింది. ప్రతి పని ఎదుటా ఒక పేరు వ్రాయండి. తల్లి పేరు మరీ ఎక్కువసార్లు వస్తే అక్కడే ఆగి మాట్లాడుకోండి.

అల్లాహ్ మన ఇళ్లలో పరస్పర సంప్రదింపును, కరుణను ప్రసాదించుగాక! మన తల్లుల, భార్యల, కుమార్తెల శ్రమను గుర్తించే చూపును మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.