దోమపోటు నెలల్లో

బాపట్ల వ్యవసాయ కళాశాలలో కీటకశాస్త్రం చెప్పిన రోజుల్లో, అక్టోబరు వచ్చిందంటే నాకు ఊపిరాడేది కాదు. 1986లో మా బాపట్ల నుంచే విడుదలైన సాంబమసూరి మనకెంత రుచో సుడిదోమకూ అంతే రుచి. పైరు పొట్టకొచ్చే వేళకు చేలల్లో దోమ లేచేది. అటు పరీక్షలు, ఇటు నెట్‌హౌస్ పని. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బోధన, పరిశోధన, విస్తరణ అని మా బాధ్యతలు మూడు. ఆ మూడూ ఒక్క నెలలోనే మీద పడేవి.

నెట్‌హౌస్ ట్రేలో కొత్త రకాల నారు వరుసలుగా పోసి, నడుమ దోమకు ఇట్టే లొంగే టీఎన్-1, గట్టిగా తట్టుకునే పీటీబీ-33 వేస్తాం. పిల్లదోమల్ని వదులుతాం. టీఎన్-1 ఎండిపోగానే మిగతా వరుసలకు 0 నుంచి 9 దాకా స్కోరు వెయ్యాలి. ఆలస్యమైతే తట్టుకునే రకమూ దెబ్బతిన్నట్టే కనిపిస్తుంది. అది ఆదివారమా, దీపావళా అని చూసే పనే లేదు.

అలాంటి ఒక పొద్దున కర్లపాలెం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ‘‘మందు కొట్టి వారం కాలేదు సార్, చేను సుడులు సుడులుగా పడిపోతా ఉంది.’’ ఆ గంట మూడో సంవత్సరం వాళ్లకు క్లాసు. వాళ్లనీ బస్సెక్కించాను.

పైకి చూస్తే చాలాచోట్ల చేను పచ్చగానే ఉంది. ఒక దుబ్బు వంచి అరచేత్తో తట్టాను. నీళ్ల మీద ఊకపొట్టు చల్లినట్టు దోమలు రాలాయి. పిలకల దశలో దుబ్బుకు 10-15, ఈనిక దశలో 20-25 ఉంటే మందు వాడాలని క్లాసులో చెప్పాను. పిల్లలు లెక్కపెట్టలేక వదిలేశారు. ‘‘సాలీళ్లేవీ?’’ అన్నాను. వెతికితే ఒక్కటీ దొరకలేదు. ఆయన కొట్టింది సింథటిక్ పైరిత్రాయిడ్ మందు. అది ఆకుల మీద పడింది. దోమ ఉండేది మొదళ్లలో. దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చిపోయాయి. అడ్డు లేక దోమ ఇంకా పెరిగింది.

‘‘అంటే నేను డబ్బులు పోసి దోమను పెంచుకున్నానా సార్?’’ అన్నాడాయన.

మరుసటి సీజనులో ఏ మందు సాలీళ్లను మిగులుస్తుందో తేల్చే ప్రయోగం వేశాను. ప్రాక్టికల్స్‌లో దోమ జీవితచక్రం రాయమనడం మాని, దుబ్బు తట్టి ఏం చేయాలో చెప్పమన్నాను. రేడియో ప్రసంగంలోనూ మందు పేరు చివరికి నెట్టాను: నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట, దోమ కనబడితే నీళ్లు తీసి ఆరబెట్టడం, అప్పటికీ తగ్గకపోతే పాయలు తీసి మొదళ్లు తడిసేలా పిచికారీ. నా బయోడేటాలో పరిశోధన వ్యాసాలకు పేజీలు, రేడియో ప్రసంగాలకు ఒక్క పంక్తి. కానీ ఆ పేజీలకు కావలసిన ప్రశ్నలు నాకు గట్ల మీదే దొరికాయి.

తర్వాత రావెప్ (గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం) కింద మా విద్యార్థులు పల్లెల్లో ఉంటుండగా చూడటానికి వెళ్లాను. ‘‘ఏం మందు కొట్టమంటావమ్మా?’’ అని ఒక రైతు మా అమ్మాయినడిగాడు. ఆమె వంగి రెండు మూడు దుబ్బులు తట్టింది. ‘‘సాలీళ్లున్నాయి తాతా. ముందు నీళ్లు తీసెయ్యండి. మూడు రోజులాగి మళ్లీ చూద్దాం.’’

ఆయన నావైపు తిరిగాడు. ‘‘ఈ పిల్ల మాట నమ్మొచ్చా సార్?’’

‘‘ఆ అమ్మాయి చెప్పినట్టే చెయ్యండి’’ అన్నాను. ఆమెకు నేను వేరే వైవా పెట్టలేదు.