బూడిద దిబ్బలు చెప్పే సాక్ష్యం

బళ్లారిలో మూడు తరాలుగా ఉంటున్న మన తెలుగు కుటుంబాల వారిని ఊళ్లో చూడదగినవి ఏమిటని అడిగితే, కోట, కనక దుర్గమ్మ గుడి అని రెండు మాటల్లో తేల్చేస్తారు. చుట్టాలు వస్తే హంపీకి తీసుకుపోతారు. ఊరికి పది కిలోమీటర్ల లోపునే ఉన్న సంగనకల్లు, కప్పగల్లు కొండలను చూపించేవారు మాత్రం అరుదు. పుస్తకాల్లో కుప్గల్ అని కనిపించేది ఈ కప్పగల్లే. హంపీ వయస్సు ఏడు వందల ఏళ్లయితే, ఈ కొండల మీద మనుషులు గుడిసెలు వేసుకొని, పశువులను కట్టుకొని, గింజలు పండించుకొని దాదాపు నాలుగు వేల ఏళ్లయింది.

ఈ ఏడు సంక్రాంతి వెళ్లిన తరువాత ఒక ఆదివారం మా సంఘం పిల్లలు పన్నెండు మంది, పెద్దవాళ్లం నలుగురం, పురావస్తు శాస్త్రంలో పరిశోధన చేసే ఒక మిత్రుడి వెంట అక్కడికి బయలుదేరాం. విహారయాత్ర కాదు, స్వచ్ఛందంగా ఒప్పుకున్న పని. బూడిద దిబ్బలు ఎంతవరకు మిగిలి ఉన్నాయో కొలవడం, ఫోటోలు తీయడం, పటం మీద గుర్తు పెట్టడం. మిత్రుడు మొదటనే ఒక షరతు పెట్టాడు. "ఏది కనిపించినా చూడండి, రాసుకోండి. ఒక్క పెంకు కూడా జేబులో వేసుకోవద్దు. ఉన్న చోటు నుంచి కదిలిస్తే అది ఉత్త పెంకే అవుతుంది."

తాడు పట్టుకొని, మనిషికీ మనిషికీ రెండు గజాల ఎడంతో వరుసగా నడుస్తుంటే గొర్రెలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన ఆగి చూశాడు. "ఏమి స్వామీ, బూడిద కోసం ఇంత దూరమొచ్చినారా? అది రాక్షసులను కాల్చిన బూడిద. మా తాతలు చెప్పినారు" అన్నాడు.

ఆయన చెప్పింది ఈ ప్రాంతమంతా వినిపించే కథే. భీముడు హిడింబాసురుణ్ణి చంపి దహనం చేసిన చోటు ఇదేనంటారు. హంపీ దగ్గర నింబాపురంలో ఇలాంటి దిబ్బనే వాలిని దహనం చేసిన చోటుగా చూపిస్తారు. బళ్లారి నుంచి హోస్పేట పోయే దారిలో కుడితిని దగ్గరి దిబ్బకు బూదికనమ అని పాత పేరు. కనమ అంటే మన కనుమే. కర్ణాటకలో ఉన్నా ఆ పేరులో తెలుగు వినిపిస్తుంది.

అంత బూడిద ఎక్కడిదన్న ప్రశ్న ఇంగ్లీషు దొరలనూ వేధించింది. 1840 ప్రాంతంలో న్యూబోల్డ్ అనే సైనికాధికారి వీటి గురించి రాశాడు. అగ్నిపర్వతమని కొందరు, ఇటుకల బట్టీ అని కొందరు, యుద్ధాల తరువాత జరిగిన సామూహిక దహనాలని మరికొందరు ఊహించారు. భూగర్భ శాఖలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ మాత్రం ఈ కొండలన్నీ తిరిగి, ఇది రాతి గొడ్డళ్ల కాలం నాటి పశువుల పేడ కాలిన బూడిద అన్నాడు. చాలామంది నమ్మలేదు. 1950ల చివరలో జాయినర్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో పరీక్షించి ఫుట్ మాటే నిజమని తేల్చాడు. 1957లో రేమండ్ ఆల్చిన్ పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో ఒక దిబ్బను తవ్వితే, చుట్టూ దుంగలు పాతిన దొడ్డి ఆనవాళ్లు, లోపల పశువుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. రాక్షసుల శ్మశానం కాస్తా పశువుల దొడ్డి అయింది.

అందులో మన తెలుగువారి పాలూ ఉంది. సంగనకల్లులో తవ్వి, 1948లో బళ్లారి రాతి యుగం మీద పుస్తకం వెలువరించిన వారు బి. సుబ్బారావు. సురపుర ప్రాంతంలోని బూదిహాళ్‌లో తవ్వి, దిబ్బ పక్కనే మనుషులు కాపురమున్న ఇళ్లను, పశువులను కోసిన నేలను చూపించిన వారు కె. పద్దయ్య. ఇద్దరూ పుణేలోని డెక్కన్ కాలేజీకి చెందినవారే.

మా పిల్లల్లో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. "అంకుల్, పేడే కాలిందనుకుందాం. కాల్చిందెవరు? పశువుల కోసం శత్రువులు వచ్చి దొడ్డికి నిప్పు పెట్టి ఉండవచ్చు కదా?" న్యాయమైన అనుమానమే. కన్నడంలో పశువులను దన అంటారు. ధనమున్న చోటికి దొంగ రాకుండా ఉంటాడా? విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం కథ మనకు తెలిసిందే. పశువుల కోసం పోరాడి చనిపోయిన వీరుల శిలలు ఈ జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి, కాకపోతే అవి చాలా తరువాతి కాలానివి.

దానికి మిత్రుడు దిబ్బ కోసుకుపోయిన చోట అంచును చూపించాడు. బూడిద పొర, మట్టి పొర, మళ్లీ బూడిద పొర, అట్ల దొంతరలాగా కనిపించింది. ఒకసారి వచ్చిపడిన శత్రువు చేసిన పని ఇలా ఉండదు. పేడను పోగు చేసి, కావాలని, మళ్లీ మళ్లీ కాల్చారు. మన భోగి మంటల వంటి పండుగల్లో దాని జాడ ఉండవచ్చునని ఆల్చిన్ అభిప్రాయం.

అలాగని తొలి రైతులందరూ శాంతమూర్తులని అనుకోవడానికి వీలులేదని, మధ్యాహ్నం బండ నీడలో పులిహోర తింటూ మిత్రుడు ఐరోపా సంగతి చెప్పాడు. జర్మనీలో టాల్‌హైమ్ అనే చిన్న ఊరు. 1983లో ఒకాయన తన పెరట్లో తవ్వుకుంటుంటే ఎముకలు బయటపడ్డాయి. లెక్క తేలేసరికి ఒకే గోతిలో 34 మంది, వారిలో 16 మంది పిల్లలు. ఏడు వేల ఏళ్ల క్రితం అక్కడ సేద్యం మొదలుపెట్టిన జనం వాళ్లు. చాలామంది తలల మీద దెబ్బలున్నాయి, అవీ ఎక్కువగా వెనుకవైపు. ఆ గాయాల ఆకారం ఆ కాలపు రాతి బాడిసలకు సరిపోయింది. అడవి నరకడానికీ, ఇంటికి దూలాలు చెక్కడానికీ వాడే బాడిసే! 2006లో అదే దేశంలో కిలియాన్‌స్టాటెన్ దగ్గర రోడ్డు పనుల్లో మరో గొయ్యి దొరికింది. అందులో కనీసం 26 మంది, చాలామందికి కాళ్ల ఎముకలు విరగ్గొట్టి ఉన్నాయి. 2022లో స్లొవేకియాలోని వ్రాబ్లే వద్ద ఊరి చుట్టూ ఉన్న కందకంలో తలలు లేని అస్థిపంజరాలు ముప్పైకి పైగా బయటపడ్డాయి. అది దాడియా, ఏదైనా కర్మకాండా అన్న చర్చ అక్కడ సాగింది.

విన్న తరువాత కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. మా కళ్ల ఎదుట హిరేగుడ్డ నిండా రాతి చెక్కులే. నల్లరాతిని పగులగొట్టి గొడ్డళ్లు తయారుచేసిన కార్ఖానా అది. క్రీస్తుకు పూర్వం 1400 ప్రాంతంలో ఇక్కడ పని ముమ్మరంగా సాగింది. నూరి పదును పెట్టిన గాడులు బండల మీద ఇప్పటికీ చేతికి నున్నగా తగులుతాయి. ఆ గొడ్డలి చెట్టునూ నరుకుతుంది, మనిషినీ నరుకుతుంది. ఇక్కడివాళ్లు దానితో ఏం చేశారన్నది రాయిని చూసి చెప్పలేం. ఎముకో, ఇంటి నేలో, బూడిద పొరో చెప్పాలి.

బ్యాంకులో ముప్పై ఏళ్లు లెక్కలు చూసినవాడిని కనుక నాకు ఒకటి తోచింది. ఇక్కడ రాక్షస సంహారమనే ఎంట్రీ ఉంది, దానికి ఓచరు లేదు. టాల్‌హైమ్‌లో 34 ఓచర్లున్నాయి, ఏడు వేల ఏళ్లలో ఎవరి నోటా ఒక్క ఎంట్రీ లేదు. కనుక కథ ఉందని హింస జరిగినట్టూ కాదు, కథ లేదని జరగనట్టూ కాదు. ఓచరు చూడాలి.

ఇక్కడి ఓచర్లు ఇంతవరకు చెప్పినవి సంసారం సంగతులే. మట్టిలో దొరికిన మాడిన గింజల్లో ఉలవలు, పెసలు, అండుకొర్రలు ఉన్నాయి. ఉలవచారు కాచుకునే మన ఇళ్లకు అది కొత్త వంట కాదు. ఇదే జిల్లాలోని తెక్కలకోటలో చనిపోయిన పసిబిడ్డలను కుండల్లో పెట్టి పాతిపెట్టిన ఆనవాళ్లు బయటపడ్డాయి. కప్పగల్లు బండల మీద పొడవాటి కొమ్ముల ఎద్దుల బొమ్మలు వందలకొద్దీ చెక్కి ఉన్నాయి. కొన్ని బండలను రాయితో తడితే గంటలాగా మోగుతాయి. 1892లో ఫాసెట్ అనే ఆయన రాసిన సంగతే ఇది. మా పిల్లలు ఇంటికి పోదామంటే వినలేదు.

బెంగ పెట్టే విషయం ఒకటుంది. దిబ్బల బూడిద మంచి ఎరువని తరతరాలుగా బండ్లకెత్తి పొలాలకు తోలారు. రైతును తప్పు పట్టలేం, అది రాక్షసుల బూడిద అనుకున్నవాడికి దాన్ని కాపాడవలసిన అవసరమేముంది? కొండ రాయికి గిరాకీ వచ్చాక క్వారీ పని కూడా మొదలైంది. ఒక బండ మీద సగం ఎద్దు బొమ్మ, దాని పక్కనే డ్రిల్లుతో వేసిన రంధ్రాల వరుస చూశాం. ఓచర్లు ఇలా పోతే, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు రేపు జవాబు చెప్పడానికి ఏమీ మిగలదు. గొర్రెల పెద్దాయనకు మిత్రుడు సంగతంతా వివరించాడు. ఆయన దిబ్బ వైపు చూసి, "అయితే మా పని చేసినవాళ్లదే అన్నమాట" అన్నాడు. ఆ సాయంత్రం దాకా మా వెంటే ఉండి, మాకు తెలియని మరో రెండు చోట్ల బూడిద పొరలు చూపించాడు. అవి కూడా పటంలోకి ఎక్కాయి.

వెళ్లదలచినవారు ముందుగా బళ్లారిలో బ్రూస్ ఫుట్ పేరిట ఏర్పాటైన సంగనకల్లు పురావస్తు మ్యూజియం చూడండి. ప్రొఫెసర్ రవి కొరిసెట్టర్ శ్రమ ఫలితమది. అది చూశాక కొండ మీద ప్రతి రాయీ అర్థమవుతుంది. శీతాకాలంలో, పొద్దున్నే బయలుదేరండి. నీళ్లు, టోపీ, గట్టి చెప్పులు తప్పనిసరి. పిల్లలను తప్పక తీసుకువెళ్లండి. పెంకు కనిపిస్తే చూడనివ్వండి, తాకనివ్వండి, ఉన్న చోటనే పెట్టించండి.