అద్దె కట్టని ఏడాది

ఆఫర్ లెటర్‌లో గది, భోజనం కలిపి ఏడాదికి 12,000 డాలర్ల విలువ అని రాశారు. ఆ అంకెను నేను లెక్కలోకి తీసుకోలేదు. అంత డబ్బు పోసి క్యాంపస్ డార్మ్‌లో నేను ఎలాగూ ఉండేదాన్ని కాదు. అప్పటికి మరో ముగ్గురు తెలుగమ్మాయిలతో బయట అపార్ట్‌మెంట్‌లో ఉంటూ అద్దె, కరెంటు, సరుకులు అన్నీ కలిపి నెలకు 700 డాలర్లతో నెట్టుకొస్తున్నాను. అంటే డార్మ్‌లోనే ఉంటూ అక్కడి విద్యార్థుల బాగోగులు చూసే రెసిడెంట్ అసిస్టెంట్ (ఆర్ఏ)గా చేరితే తొమ్మిది నెలలకు నాకు నిజంగా మిగిలేది 6,300 డాలర్లు. నెలకు 200 చొప్పున స్టైపెండ్ కలిపితే 8,100.

నాకున్న మరో దారి డైనింగ్ హాల్ ఉద్యోగం. అక్కడ గంటకు 12 డాలర్లు ఇచ్చేవారు. ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు దాటి పని చేయకూడదు. 32 వారాలూ నాగా లేకుండా చేస్తే 7,680 వస్తాయి. తేడా పెద్దదేం కాదు. అయినా ఆర్ఏ వైపే మొగ్గాను. పరీక్షల వారంలో షిఫ్టు వదులుకుంటే ఆ డబ్బు పోయినట్టే. గదికి ఆ భయం లేదు. పైగా డ్యూటీ రాత్రుల్లో ఫ్రంట్ డెస్క్ దగ్గర కూర్చుని కాస్త చదువుకోవచ్చు.

పన్ను కూడా చూసుకున్నాను. ఉద్యోగ షరతుగా పనిచేసేచోటే ఉండి తీరాల్సి వస్తే, అమెరికా పన్ను చట్టం 119వ సెక్షన్ ప్రకారం ఆ వసతి విలువను ఆదాయంలో కలపరు. నాకు దానివల్ల పెద్దగా ఒరిగింది లేదు. ఎందుకంటే భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ ఇస్తుంది. 2023 సంవత్సరానికి అది 13,850 డాలర్లు. డైనింగ్ హాల్ జీతం మీదా ఫెడరల్ పన్ను పడేది కాదు. వేరే చాలా దేశాల విద్యార్థులకు ఈ వెసులుబాటు లేదు. పన్ను రిటర్న్ ఫారం 1040-ఎన్ఆర్ నింపేటప్పుడు మనవాళ్లు దీన్ని మరచిపోకూడదు.

నన్ను అసలు ఒప్పించింది ఇంటి దగ్గరి లెక్క. ఎడ్యుకేషన్ లోన్ 28 లక్షలు, వడ్డీ 10.5 శాతం. అది ఫీజులకే సరిపోయింది. నా ఖర్చులకు నాన్న తన జీతంలోంచి నెలనెలా దాదాపు 58,000 రూపాయలు పంపేవారు. ఉద్యోగం సంగతి ఫోన్లో చెబితే, “హాస్టల్ వార్డెన్ పనా అమ్మా?” అన్నారు. ఇక డబ్బు పంపక్కర్లేదన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ నెల నుంచే లోన్ వడ్డీ 24,500 కట్టడం మొదలుపెట్టారు. మిగిలిన దాంతో మొదటి ఏడాది పేరుకున్న వడ్డీనీ తీర్చుకుంటూ వచ్చారు. చదువయ్యేదాకా వాయిదాలు కట్టక్కర్లేని మారటోరియం ఉంది కదా అని ఊరుకుంటే ఆ వడ్డీ అంతా వాయిదాలు మొదలయ్యేనాటికి అసలులో కలిసేది. మాది 28 లక్షల దగ్గరే ఆగింది. పాత పన్ను విధానంలో ఉన్నారు కాబట్టి ఆయనకు ఆ వడ్డీ మీద ఆదాయపు పన్నులో 80ఈ సెక్షన్ మినహాయింపు కూడా దొరికింది. వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాదితో కలిపి ఎనిమిదేళ్ల వరకే ఆ మినహాయింపు.

పని తేలికని మాత్రం అనను. తాళంచెవి గదిలో వదిలేసి అర్ధరాత్రి తలుపు తట్టేవాళ్లు, ఫైర్ అలారం మోగితే చలిలో నిలబడేవాళ్లు, ఇల్లు గుర్తొచ్చి ఏడ్చే పద్దెనిమిదేళ్ల పిల్లలు. లైంగిక వేధింపుల గురించి ఎవరైనా చెప్పుకుంటే రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకూడదు, పైవాళ్లకు తెలియజేయాలి. ఇంత బాధ్యతకు గదీ భోజనం చాలా అన్న ప్రశ్న న్యాయమైనదే. 2002లో ఆమ్‌హర్స్ట్‌లోని మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆర్ఏలు ఓటేసి మరీ యూనియన్ పెట్టుకున్నారు.

ఇందులో పెద్ద రిస్కు ఒకటుంది. మార్కులు తగ్గో, నియమం తప్పో ఉద్యోగం పోతే ఇల్లూ దాంతోపాటే పోతుంది. డైనింగ్ హాల్ ఉద్యోగికి ఆ ముప్పు లేదు. అందుకే స్టైపెండ్‌లోంచి ఒక నెల అద్దె, అడ్వాన్సుకు సరిపడా డబ్బు కూడేదాకా నేను ఇంకో ఖర్చు పెట్టలేదు. ఇప్పుడు మా పిన్ని కూతురు ఇదే పనికి దరఖాస్తు పెడుతోంది. చలికాలం సెలవుల్లో డార్మ్ మూస్తారా, మూస్తే ఆర్ఏ ఎక్కడ ఉండాలి, ఒప్పందం మధ్యలో ఆగితే గది ఖాళీ చేయడానికి ఎన్ని రోజులిస్తారు అన్నవి సంతకానికి ముందే రాతపూర్వకంగా తీసుకోమన్నాను.