మా పాతూరి మిద్దెకు మళ్లీ ప్రాణం

మీరెప్పుడైనా హైదరాబాదు నుంచి బెంగళూరుకు బస్సులో వెళ్లారా? కర్నూలు దాటి, గుత్తి కొండమీది కోటను చూసుకుంటూ వస్తుంటే పచ్చదనం తగ్గిపోయి ఎర్రనేలలు, బోడిగుండ్లు, వేరుశనగ చేలు మొదలవుతాయి. అదే మా అనంతపురం సీమ. ఏడాదంతా కలిపి ఇక్కడ పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు, అంతే! "ఆ కరువు సీమలో చూడ్డానికేముంది?" అని పెదవి విరిచేవాళ్లే ఎక్కువ. వచ్చినవాళ్లు కూడా లేపాక్షి బసవన్ననూ, కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానునూ చూసి వెళ్లిపోతారు. 2022లో జిల్లాను విడదీశాక ఆ రెండూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. ఈసారి వస్తే టవర్ క్లాకు దగ్గర దిగి మా పాతూరి సందుల్లోకి రండి. మీకు చూపించాల్సింది ఒకటుంది. మా ఇంటి పైకప్పు!

నవ్వకండి. మా వైపు పాత ఇళ్లను మట్టిమిద్దెలంటారు. మూరెడు మందాన రాతిగోడలు. వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, ఆపైన దగ్గర దగ్గరగా కట్టెలు, ఆకూ అలమూ పరిచి, చౌడుమన్ను పోసి తొక్కుతారు. కోస్తాలో పెంకుటిళ్ల కప్పులు వాన జారిపోయేందుకు వాలుగా ఉంటాయి కదా. మాకు వాన తక్కువ కాబట్టి కప్పు చదునుగా ఉన్నా చెల్లిపోయింది. పగలు మిద్దెమీద వడియాలు, వేసవి రాత్రుళ్లు పడకలు. లోపల మే నెలలో కూడా చల్లగా ఉండేది. ఏటా వానలకు ముందు కొత్త చౌడు వేసుకుంటే చాలు.

కానీ 2022 అక్టోబరులో ఏం వానలనుకున్నారు! నడిమివంక పొంగి ఊళ్లోకి నీళ్లొచ్చాయి. మా మిద్దె నాని, వెనక రెండు గదుల కప్పు కుంగిపోయింది. ఆ రాత్రి అందరం ముందుగదిలో గిన్నెలు పెట్టుకుని కూర్చున్నాం.

తెల్లారగానే మా మరిది, "వదినా, అంతా పడగొట్టి స్లాబు వేసేద్దాం. దూలాలు తొమ్మిదీ అమ్మితే ఖర్చులో కొంత వస్తుంది" అన్నాడు. పాతకట్టె కొనే అతను అప్పుడే వచ్చి కొలతలు కూడా తీసుకున్నాడు. మావారు ఏమీ మాట్లాడలేదు. మా అత్త మాత్రం ముందుగది దూలానికున్న ఇనుపకొక్కెం చూపించి, "నా ముగ్గురు బిడ్డలూ, నీ ఇద్దరు బిడ్డలూ దానికే ఉయ్యాల ఊగినారు. దాన్ని అడుగుల లెక్కన అమ్ముతారంట!" అని కొంగు కళ్లకద్దుకుంది.

నాకూ గుండె పట్టేసినట్టైంది. కానీ కప్పు కూలే ఇంట్లో పిల్లల్ని పెట్టుకుని మమకారం మాట్లాడలేం కదా! ఏమీ తేల్చుకోలేక నాలుగు నెలలు గడిచిపోయాయి.

2023లో మా చెల్లెలి కుటుంబంతో కాశీకి బయల్దేరాం. బెంగళూరు విమానాశ్రయం కొత్త టెర్మినల్లో నుంచి విమానం. లోపలికి అడుగుపెట్టి తలెత్తి చూశానా, కప్పంతా వెదురే! పందిరి కింద నిలబడ్డట్టుంది. "ఇంత పెద్ద భవనానికి వెదురేమిటిరా?" అన్నాను. చెల్లెలి కొడుకు సివిల్ ఇంజనీరింగు చదువుతున్నాడు. "అసలు బరువు మోసేది ఉక్కే పెద్దమ్మా. కానీ ఇది మామూలు వెదురు కాదు. చీల్చి, మందు పట్టించి, జిగురుతో అతికి, ఒత్తి తయారుచేసింది" అన్నాడు.

విమానం వచ్చేలోపు వాడు చాలా చెప్పాడు. మన ఇళ్లలోని ప్లైవుడ్ కూడా అలాంటిదేనట. మానును పలుచని పొరలుగా తీసి, ఒక పొర నిలువుగా, మరో పొర అడ్డంగా అతుకుతారు. అందుకే అది వంగదు, పగలదు. అదే పద్ధతిలో మందపాటి పలకలను అడ్డంగా, నిలువుగా అతికి గోడలు, కప్పులు చేస్తే దాన్ని క్రాస్ లామినేటెడ్ టింబర్ అంటారట. నార్వేలో 2019లో 18 అంతస్తుల భవనాన్ని, అమెరికాలోని మిల్వాకీలో 2022లో 25 అంతస్తుల భవనాన్ని ఎక్కువ భాగం ఇలాంటి కట్టెతోనే కట్టారట. నాకు వెంటనే మా అమ్మ కుట్టిన బొంత గుర్తొచ్చింది. పాతచీరల ముక్కలే కదా, పొరలు పొరలుగా కుడితే ఎన్నేళ్లు ఆగుతుందో మీకూ తెలుసు!

"నిప్పంటుకుంటే?" అని అడిగాను. లావుపాటి కట్టెకు పైన బొగ్గుపొర కట్టి లోపలి కట్టెను కొంతసేపు కాపాడుతుందట. పైగా అలాంటి కట్టె బరువు కాంక్రీటులో ఐదోవంతే. అందుకే విదేశీ నగరాల్లో పాత భవనాలను కూల్చకుండా, వాటి మీదే తేలికైన కట్టె అంతస్తు వేసి కొత్త కుటుంబాలకు చోటు చేస్తున్నారట. ప్రపంచంలో వెలువడే బొగ్గుపులుసు వాయువులో నూటికి ఏడెనిమిది పాళ్లు సిమెంటు తయారీదేనని, కట్టె మాత్రం చెట్టు పీల్చుకున్నదాన్ని తనలోనే దాచుకుంటుందని కూడా చెప్పాడు. మన కేంద్ర ప్రజాపనుల శాఖ 1993 నుంచి తన భవనాల్లో కలప వద్దని, 2020లో ఆ నిషేధం ఎత్తేసింది. అయినా అలాంటి కట్టె ఇళ్లు మన దగ్గర ఇంకా అరుదు, ఖరీదు. మాలాంటి వాళ్లకు అందేవి కావు. కానీ "కూల్చకుండా, తేలికగా" అన్న మాట నా మనసులో నాటుకుపోయింది.

ఊరికి రాగానే ఒక ఇంజనీరును, ఒక ఆచారిని పిలిపించాను. ఇంజనీరు గోడలు చూసి, "ఇవి మట్టితో కట్టిన రాతిగోడలు. వీటి మీద స్లాబు బరువు వద్దు" అన్నాడు. ఆచారి ఉలి తీసుకుని ఒక్కో దూలాన్నీ కొట్టి చూశాడు. ఖంగుమంటే మంచిది, డొల్లగా మోగితే చెద తిన్నది. "యాప కట్టెమ్మా! ఇట్లాంటిది ఇప్పుడు యాడ దొరుకుతాది? గోడలో దూరిన కొసలే చెదలు తిన్నాయి. నడుమ ఇనుమున్నట్టుండాది" అన్నాడు. తొమ్మిదింటిలో ఐదు పూర్తిగా మంచివని తేలింది. మా మరిది ముఖం చూడాలి!

చివరికి ఇలా చేశాం. కూలిన వెనక గదులకు కొత్త స్తంభాలు లేపి స్లాబు వేశాం. ముందుగదిలో మంచి దూలాలు అలాగే ఉంచాం. ఈసారి కొసలను గోడలో పూడ్చకుండా, రాతిదిమ్మె మీద కూర్చోబెట్టి చుట్టూ గాలి ఆడేలా సందు వదిలారు. దంతెల మీద నీటికి ఆగే ప్లైవుడ్ పలకలు, వాటిపైన నీరు దిగని షీటు, ఆపైన పలుచగా సున్నం, ఇటుకజల్లి, చివర తెల్లసున్నం. మిగతా నాలుగు దూలాల్లో మంచి భాగం కోయించి, పట్టీలుగా అతికించి రెండు తలుపులు, వంటింటి అరలు చేయించాను. అంతా స్లాబే వేస్తే అయ్యేదానికంటే పదోవంతు ఖర్చు ఎక్కువైంది, దాచడమెందుకు? పాత చౌడుమిద్దె చల్లదనం పూర్తిగా రాలేదు కూడా. అయినా మే నెల మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ చేరేది ముందుగదికే!

ప్లైవుడ్ కొనేటప్పుడు నేను నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయి. ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పక చూడండి. తడి తగిలే చోటికి ఐ.ఎస్.710 రకం అడగండి. దాని ముక్కను 72 గంటలు నీళ్లలో ఉడకబెట్టి పరీక్షిస్తారు. మనం పప్పును కూడా అంతసేపు ఉడకబెట్టం! పొట్టు, పొడి ఒత్తి చేసిన పార్టికల్ బోర్డు చౌక, కానీ సింకు కింద వాడితే ఉబ్బిపోతుంది. కోసిన అంచులకు రంగు గానీ పట్టీ గానీ వేయించండి, నీళ్లు దూరేది అక్కడే. కొత్త బోర్డుల జిగురు వాసన పోయేదాకా కిటికీలు తెరిచి ఉంచండి. చెదలు ఎక్కువగా నేలలోంచే వస్తాయి కాబట్టి కట్టెను నేలకు ఆనించకండి, రెండు మూడు నెలలకోసారి మూలలు తట్టి చూడండి.

చెట్టు పెరగడమే గగనమైన సీమ మాది. ఎవరో ముత్తాత కాలంలో ఎన్నో ఏళ్లు పెరిగి దూలమైన చెట్టును ఒక్కపూట బేరానికి ఇచ్చేస్తే మళ్లీ ఎప్పటికి తెచ్చుకోగలం? విదేశాలవాళ్లు ముక్కలు అతికి దూలాలు చేస్తున్నారు. మనకు దూలాలే ఉన్నాయి.

మొన్న మా తోడికోడలికి మగబిడ్డ పుట్టాడు. అత్త పాత పట్టుచీర తీసి ఉయ్యాల కట్టమంటే, నిచ్చెనెక్కి ఆ కొక్కేనికి తాడు ముడివేసింది ఎవరనుకున్నారు? అమ్మేద్దామన్న మా మరిదే! వేసిన ముడిని రెండుసార్లు లాగి చూసి, "గట్టిగానే ఉంది వదినా" అన్నాడు.

మీ ఊళ్లో కూడా పాత ఇల్లు పడగొట్టే మాట వస్తే, కొనేవాణ్ణి పిలిచే ముందు ఆచారిని పిలవండి. ఒక్కసారి ఉలితో కొట్టి చూడమనండి. ఏమంటారు?