బడి రిజిస్టరులో పేరు

ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో ఏ బావి దగ్గర మోటారు పోయినా ముందు మా యానాది కాలనీకే వస్తారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన కావలిలోనే ఎరుకల కుటుంబాలను సెటిల్మెంటులో పెట్టి హాజరు వేశారు. 1952 నాటికి చట్టం పోయింది. అనుమానం మిగిలింది.

ఒకసారి రాగి తీగ పోయిందని, బడి మాని బాతులు కాస్తున్న మా పిల్లవాణ్ణి పట్టుకుపోయారు. నిజమే, తీగ వాడే తీశాడు. మేమది దాచలేదు. కానీ వాడికి పద్దెనిమిది నిండాయన్నారు. కులపెద్దలం, పంతుళ్లం కలిసి బడి రిజిస్టరు చూసి రాసిన పుట్టిన తేదీ పత్రం పట్టుకుని పోయాం. పదిహేనేళ్లు! 2015 బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం వయసు తేల్చడానికి ముందు చూడాల్సింది ఆ కాగితమే. పిల్లల్ని లాకప్పులో పెట్టకూడదు, 24 గంటల్లో బాలల న్యాయ బోర్డు ముందుంచాలి. ఇది మన పంతుళ్లలోనే చాలామందికి తెలియదు.

బోర్డు వాణ్ణి మందలించి తల్లికి అప్పగించింది. తీగ డబ్బు కాలనీ అంతా పోగుచేసి రైతుకిచ్చాం. వాణ్ణి దొంగ అని ఎవరూ పిలవకూడదని పెద్దలు కట్టడి చేశారు.

"అయ్యా, పేరు మళ్లీ రాస్తారా?" అని తల్లి అడిగింది. మాకు తలెత్తబుద్ధి కాలేదు. రావడం లేదని ఆ పేరు కొట్టేసింది మేమే.

తొమ్మిదిలో రాశాం. మొదటి వారం మూడు రోజులొచ్చాడు. రాని రోజు మేమే బండేసుకుని కాలనీకి పోతున్నాం.