మా కెంచార్లహళ్ళిలో పియోనీ

పియోనీ అనే పువ్వును మన పాఠకుల్లో చాలామంది పెళ్ళి మండపాల్లోనే చూసి ఉంటారు. బెంగళూరులో పెద్దింటి పెళ్ళిళ్ళకు ఈమధ్య విమానాల్లో దిగుమతి అవుతోంది. ముద్ద గులాబీ కంటే ఎంతో పెద్దది, రేకు మీద రేకుగా విచ్చుకుంటుంది. ఒక్కో కాడ ధర వందల్లో మాట. ఆ ధర చెవిన పడ్డందువల్లే మా తమ్ముడికి కొన్నాళ్ళు నిద్ర కరువైంది.

మాది చింతామణి తాలూకా కెంచార్లహళ్ళి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది కన్నడం, నేను బ్యాంకులో రాసేది ఇంగ్లీషు. పక్కనే కైవారం ఉంది కనుక నారాయణ తాతయ్యగారి తెలుగు కీర్తనలు వింటూ పెరిగినవాళ్ళం. నేను బి.కాం. పూర్తిచేసి బ్యాంకులో చేరి ముప్పై ఏళ్ళు దాటింది. తమ్ముడు (మా చిన్నాయన కొడుకు) ఊళ్ళోనే రెండెకరాల తోట చూసుకుంటున్నాడు. టమేటా ధర పడిపోయిన ఏడు సేవంతి కాపాడుతుంది, సేవంతి దెబ్బతీసిన ఏడు టమేటా.

సేవంతి అంటే మన చామంతే. దాని సంగతి కాస్త చెప్పాలి. చామంతి రాత్రి పొడుగును లెక్కపెట్టుకునే మొక్క. రాత్రులు పొడుగైతే మొగ్గ తొడుగుతుంది. చలికాలంలో నాటితే కాడ ఎదగకముందే పూసేసి కూర్చుంటుంది. అందుకని మావైపు రైతులు తోటంతా తీగలు లాగి బల్బులు కట్టి, మొదటి కొన్ని వారాలు రాత్రిపూట కొన్ని గంటలు వెలిగిస్తారు. మొక్క ఇంకా పొడుగు పగళ్ళే అనుకుని పెరుగుతుంది. కావలసినంత ఎదిగాక దీపాలు ఆర్పేస్తారు, పువ్వు మొదలవుతుంది. రాత్రి బస్సులో వస్తుంటే దూరంనుంచి ఆ తోటలు ఊరి జాతరలా కనిపిస్తాయి.

ఈ విద్య చేతిలో ఉన్నవాడికి పియోనీ మీద కన్ను పడటంలో వింత లేదు.

"అన్నా, సేవంతికి లైట్లేసి పగలని నమ్మిస్తాండాం గదా. ఈ పువ్వుకు చలి పెట్టి చలికాలమని నమ్మించలేమా?" అన్నాడు.

ప్రశ్న మంచిదే. జవాబు కోసం నేను మా అమ్మాయికి ఫోన్ చేశాను. అమ్మాయి, అల్లుడు అమెరికాలో అట్లాంటా దగ్గర ఉంటారు. అక్కడి వేసవి మన కోస్తాను గుర్తు చేస్తుంది, వేడి, ఉక్క. అయినా వాళ్ళ పెరట్లో నాలుగు పియోనీలు ఏటా పూస్తున్నాయి. అలాంటి చోట్ల ఉన్న మన కుటుంబాలకు పనికొస్తుందని దాని పద్ధతి రాస్తున్నాను. దుంప మీద ఉండే ఎర్రటి మొలక కళ్ళు నేలకు ఒక అంగుళం లోపలే ఉండాలి. చలిదేశాల్లో రెండంగుళాలు పాతుతారు. వెచ్చని చోట అలా పాతితే ఆకులే వస్తాయి. చలికాలంలో పైన గడ్డీగాదం కప్పకూడదు, ఆ కాస్త చలినీ కంటికి తగలనివ్వాలి. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ. త్వరగా పూసే రకాలే వేసుకోవాలి, ఆలస్యంగా పూసేవాటి మొగ్గలు ఎండకు మాడిపోతాయి. 1851 నాటి ఫెస్టివా మాక్సిమా అనే తెల్లని పాతరకం అక్కడ బాగా వస్తుందట. ఉక్కకు బూజు పడుతుంది కనుక నీళ్ళు ఆకుల మీద కాక మొదట్లో పోయాలి, శరదృతువులో ఆకులు కోసి దూరంగా పారేయాలి. మొగ్గల మీద చీమలు పాకితే మందు కొట్టనక్కర్లేదు, అవి తేనె కోసం వచ్చినవి. చీమలు లేకపోతే పువ్వు విచ్చుకోదనే మాట మాత్రం ఉత్తదే.

అట్లాంటాకు వేసవి ఎంత ఉక్కగా ఉన్నా శీతకాలం నిజమైన శీతకాలమే. పియోనీకి నిద్రపోవడానికి సుమారు ఏడు డిగ్రీల లోపు చలి వందల గంటలు కావాలి. మన కెంచార్లహళ్ళిలో సంక్రాంతి తెల్లవారుజామున మఫ్లరు కట్టుకుని వణుకుతాం గానీ, థర్మామీటరు పది కిందికి దిగడం అరుదు, మధ్యాహ్నానికి మళ్ళీ ఎండే. 1,478 మీటర్ల ఎత్తున్న నంది కొండ మీదకూడా ఆ చలి లేదు. మనదేశంలో ఈ జాతి సహజంగా పెరిగేది పశ్చిమ హిమాలయాల్లో.

ఇదంతా చెప్పాను. తమ్ముడు విని, పాలీహౌస్ వేస్తానన్నాడు. పాలీహౌస్ వేడిని పట్టి ఉంచుతుందిరా, చలిని కాదన్నాను. అయితే దుంపల్ని ఏటా తవ్వి చల్లటి గదిలో పెడతానన్నాడు. అప్పుడు అసలు సంగతి బయటపడింది. రెండెకరాలూ తాకట్టు పెట్టి అప్పు తీసుకోవాలని, నేను జామీను సంతకం పెట్టాలని.

పాఠకులు నన్ను పిసినారి అనుకోకూడదు. వాడి కూతురు నర్సింగ్ చదువుతోంది. మూడు బోర్లు ఎండిపోయి, నాలుగోది వెయ్యి అడుగులు దాటాక ఇంత నీళ్ళిచ్చింది, ఆ బాకీ ఇంకా నడుస్తోంది. తోట పోతే వాడి దగ్గర మిగిలేది ఇల్లొకటే. ఏ పంటకు ఎకరాకు ఎంత అప్పివ్వచ్చో జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ ఏటా ఒక పట్టిక తయారుచేస్తుంది. చామంతి, గులాబీ, కనకాంబరం ఏది అడిగినా లెక్క దొరుకుతుంది గానీ పియోనీకి ఎక్కణ్ణించి తేను? పైగా దుంప నాటాక మంచి పువ్వు రావడానికి మూడేళ్ళు. జపానులో తోయిచి ఇతో అనే ఆయన 1948లో రెండు రకాల పియోనీలను కలిపి కొత్త సంకరం తెచ్చాడు, ఇవాళ వెచ్చని చోట్ల దానికి మంచి పేరుంది. ఆయన తన మొక్కల పువ్వు చూడకుండానే 1956లో పోయాడు. అప్పు వాయిదా అలా ఆగదు కదా.

"నువ్వు బ్యాంకోడివి, అట్లే అంటావు," అని తమ్ముడు లేచి వెళ్ళిపోయాడు. రెండు నెలలు మాటల్లేవు. మా మరదలు మాత్రం చాటుగా ఫోన్ చేసి, "బావగారూ, సంతకం మాత్రం పెట్టద్దండి," అంది.

నేనే ఒక మెట్టు దిగి, భూమి జోలికి పోకుండా రెండు దుంపలతో చూద్దామన్నాను. అమ్మాయి పెట్టెలో వేసి తెస్తానంది, వద్దన్నాను. విదేశాల మొక్కలు అనుమతి, ఆరోగ్య పత్రం లేకుండా తేవడానికి వీల్లేదని 2003 నాటి కేంద్ర ఉత్తర్వు ఉంది. హిమాచల్ వైపు ఒక నర్సరీ నుంచి రెండు దుంపలు తెప్పించాం. తడిపి పిండిన కొబ్బరి పొట్టులో చుట్టి, చిల్లులు పెట్టిన కవరులో వేసి, దీపావళి నుంచి సంక్రాంతి దాకా తమ్ముడింటి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచాం. పండ్లు పక్కన పెట్టకూడదు, వాటి ఆవిరికి మొలకలు చెడతాయి. పాపం మా మరదలు ఆపిళ్ళు అరుగు మీదే ఉంచుకుంది.

ఒక దుంప కుళ్ళింది. రెండోది కుండీలో ఎర్రటి మొలకలు వేసి, శనగ్గింజంత రెండు మొగ్గలు తొడిగింది. శివరాత్రి దాటాక ఎండకు అవి ఎండిపోయాయి. మరుసటి ఏడు మళ్ళీ ఫ్రిజ్, మళ్ళీ కుండీ. ఈసారి ఒక్క పువ్వు పూసింది, అమ్మాయి పంపే ఫోటోల్లోవాటిలో సగం కూడా లేదు. మూడో రోజుకు రేకులు రాలిపోయాయి. ఊళ్ళో సగంమంది వచ్చి చూశారు. మా చిన్నమ్మ వంగి వాసన చూసి, "దేవుడికి పెట్టచ్చునా ఇది?" అని అడిగింది. తెలిసినవాళ్ళెవరూ లేరు.

ఆ సాయంత్రం తమ్ముడే కాగితం తీసుకుని రెండేళ్ళ ఫ్రిజ్ కరెంటు, దుంపల ఖరీదు, రవాణా అన్నీ రాసి, కింద ఒక్క పువ్వుతో భాగించాడు. వచ్చిన అంకె చూసి నవ్వాడు, నాకు చూపించలేదు. త్రీఫేజ్ కరెంటు రోజుకు కొన్ని గంటలే వచ్చే చోట చల్లటి గది మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ ఏడు అరెకరం సేవంతి ఎక్కువ వేశాడు, పాత బల్బులు తీసేసి ఎల్‌ఇడివి కట్టాడు.

దుంప మాత్రం పారేయలేదు. మొన్న దీపావళికి వెళ్తే ఫ్రిజ్ కింది అరలో అదే కవరు. దోసెపిండి గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక మరదలు నావైపు చూసింది.