చేతిపనియే సాక్ష్యము

ఉద్యోగార్థియై ఇంటర్వ్యూకు బయలుదేరు యువకుని చేతిలో ఒక ఫైలు ఉండుట మనకు చిరపరిచితమైన దృశ్యము. పదవ తరగతి మెమో మొదలుకొని డిగ్రీ పట్టా వరకు, టి.సి., స్టడీ సర్టిఫికెట్టు, కుల ధ్రువీకరణ పత్రము, ప్రధానోపాధ్యాయులు వ్రాసియిచ్చిన నడవడి పత్రము, ఇవన్నియు పారదర్శకమైన తొడుగులలో వరుస తప్పక అమరియుండును. ఒకప్పుడు ఈ నకళ్ళపై గెజిటెడ్ అధికారి చేవ్రాలు సంపాదించుటకే కార్యాలయముల వసారాలలో పూటలు గడచిపోవుచుండెడివి. స్వయంధ్రువీకరణము వచ్చిన పిదప ఆ యాతన చాలవరకు తొలగినది. 2015లో డిజిలాకర్ వెలసిన తరువాత కాగితములు మోయు పని కూడ తగ్గినది. ఈ పత్రములు అనావశ్యకములని నేననను. అవి లేనిదే అనేక కార్యాలయములలో గడప దాటుటయే దుర్లభము. అయినను, వాని నన్నిటిని ఆమూలాగ్రముగా తిరుగవేసిన పిమ్మట, ఆ అభ్యర్థి యే పరీక్షలో ఎన్ని మార్కులు సంపాదించెనో తెలియును గాని, ఒక పని అప్పగించినచో దానిని ఎట్లు మొదలుపెట్టి ఎట్లు ముగించునో తెలియదు. దానిని తెలుపు సంపుటి, నేటివారు పోర్ట్‌ఫోలియో అని వ్యవహరించునది, ధ్రువపత్రముల ఫైలుకంటె వేరైనదనియు, దానిని మరింత శ్రద్ధతో కూర్చుకొనవలెననియు నా దృఢాభిప్రాయము.

పనిని ఎదుట నిలిపి మనిషిని పరీక్షించుట మన సంప్రదాయమునకు కొత్త గాదు. జంటగా అవధానములు చేసిన తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములకు వెళ్ళినప్పుడు, చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి శిష్యులన్న మాట వారికి గౌరవమును తెచ్చియుండవచ్చును గాని, సన్మానమును తెచ్చినది సభలో వారు చెప్పిన పద్యమే. సమస్య నిచ్చువారొకరు, దత్తపది నిచ్చువారొకరు, నిషిద్ధాక్షరితో అడుగడుగున అడ్డుపడువారొకరు. అంతకంటె కఠినమైన ఇంటర్వ్యూ బోర్డు నేడెక్కడను ఉండదు. మరియొక విశేషము కలదు. ఆ జంటకవులు సభలో చెప్పినదానిని సభతోనే పోనీయక శతావధానసారము, నానారాజసందర్శనము వంటి గ్రంథములుగా నిలిపిరి. ఆశువుగా పుట్టిన పద్యము పుస్తకమునకెక్కినందుననే వారి శక్తిని గూర్చి మనకు వదంతి గాక నిదర్శనము దక్కినది. పని చేయుట ఒక యెత్తు, చేసినదానిని జారవిడువక దాచుకొనుట మరొక యెత్తు.

నేను చూచిన పోర్ట్‌ఫోలియోలలో మనస్సున నాటుకొన్నది చేనేత విద్యలో డిప్లొమా పొందిన ఒక యువతిది. అందున్నది వెంకటగిరి పని. నూరవ నంబరు నూలుపై జాకార్డుతో తీసిన అంచులు, బుటాలు. ఆమె తెచ్చినవి ఆరు నమూనాలే. ప్రతి పుటలోను మొదట పెన్సిలుతో గీసిన బొమ్మ, దాని ప్రక్కన ఆ బొమ్మను గడులుగా విడదీసి రంగులు నింపిన గ్రాఫు కాగితము, క్రింద జానెడు గుడ్డముక్క. గ్రాఫులోని అడ్డువరుసలే అట్టలపై రంధ్రములై, ఏ పడుగు పోగులు లేవవలెనో, ఏవి అణగియుండవలెనో నిర్ణయించును గనుక, ఒక్క గడి తప్పినను బట్టపై నెమలి మెడ వంకరపోవును. అట్లు వంకరపోయిన ముక్కను, దిద్దిన పిమ్మట నేసిన ముక్కను ఆమె ఒకే పుటలో ప్రక్కప్రక్కన కుట్టియుంచినది. పొరపాటు జరిగిన గడిని ఎర్రసిరాతో చుట్టి, అట్టలను మరల కొట్టించుటకు పట్టిన కాలమును అంచున వ్రాసినది. ఇంటర్వ్యూలో ఎదుట కూర్చున్నవారు ఆ గుడ్డను వ్రేళ్ళతో తడిమి, వెనుకకు త్రిప్పి పోగులెట్లు తేలియున్నవో చూచి, ప్రశ్నలు వేయనారంభించిరి. అన్నియు పనిని గూర్చిన ప్రశ్నలే. మిమ్ములను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని అడుగవలెనని ఆనాడు ఎవరికిని తోచలేదు.

ఇట్టి సంపుటిని కూర్చుటలో అన్నిటికంటె క్లేశకరమైనది విడిచిపెట్టుట. చేసినదంతయు చూపవలెనను ఆశ సహజమే. కాని పరీక్షకులకున్నది కొద్దిపాటి వ్యవధి, వెలుపల వేచియున్నవారు అనేకులు. కోరుచున్న ఉద్యోగమునకు అక్కరపడు నాలుగైదు పనులను ఏరి, గట్టిదానిని ముందుంచి, ఒక్కొక్కదానికి చిక్కేమి, తాను చేసినదేమి, ఫలితమేమి అని ఒక పుటలో తేటగా వ్రాసిన చాలును. ఉపాధ్యాయుడు తన పాఠ్యప్రణాళికను, తాను దిద్దిన నోటుపుస్తకపు పుటలను పిల్లల పేర్లు కప్పి చూపవచ్చును, ఐ.టి.ఐ.లో చదివిన ఫిట్టరు ఆకురాయితో అరగదీసి జోడుకూర్చిన ఇనుపముక్కలను, వాని డ్రాయింగును, మైక్రోమీటరుపై వచ్చిన కొలతలను చూపవచ్చును.

నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టును చూపునపుడు తన వంతు ఎంతయో స్పష్టముగా చెప్పవలెను. ఇంజనీరింగు కళాశాలల నుండి వచ్చువారు "మేము చేసితిమి" అని మొదలుపెట్టి ఆ బహువచనము చాటున నిలిచిపోవుట నాకెప్పుడును బాధ కలిగించును. ఏలయన, వారిలో నిజముగా రాత్రులు మేల్కొని పనిచేసినవాడు కూడ ఆ బహువచనములోనే అదృశ్యుడగుచున్నాడు. బజారున కొన్న ప్రాజెక్టు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు, అది రెండవ ప్రశ్నకే బయటపడును. అటులనే, వెనుకటి యజమాని రహస్యములను, ఖాతాదారుల వివరములను కొత్తచోట విప్పి చూపువానిని ఏ వివేకియు నమ్మడు. నేడు వారివి చూపినవాడు రేపు మనవియు చూపును.

ఈ విషయమున విద్యాసంస్థలు చేయవలసిన పని యొకటి మిగిలియున్నది. విద్యార్థులు ఏండ్ల తరబడి వ్రాసిన రికార్డులు, డ్రాయింగు షీట్లు, ప్రాజెక్టు నివేదికలు పరీక్షలు ముగియగానే గదుల మూలలలో గుట్టలుపడి, కొన్నాళ్ళకు పాతకాగితముల వ్యాపారి తక్కెడకు చేరుట నేనెరుగుదును. మార్కులు వేయుటతో వాని ప్రయోజనము తీరినదని భావించుట అన్యాయము. మూల్యాంకనము కాగానే తేదీ వేసి, అధ్యాపకుని చేవ్రాలుతో వానిని చేసినవారికే తిరిగి యిచ్చివేయు నియమము పెట్టుకొన్నచో ఏ కళాశాలకును రూపాయి వ్యయము కాదు. ఇంటర్వ్యూ ముందునాటి రాత్రి, ఎప్పుడో తన చేతులతోనే గీసిన షీటును జ్ఞాపకము నుండి మరల గీయుటకు కూర్చుండు దుస్థితి ఆ పిల్లలకు తప్పును.